ఇత్తడి బాణం

"మా ఆవులు చంపలేదు" అన్నాడు నోవా ఆల్డర్‌సన్.

"మరెవరు చంపారు? గొర్రెలా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ పికరింగ్.

స్కార్‌బెక్ ఊరి హాల్లో మడత బల్లకి అటొకరు ఇటొకరు కూర్చున్నారు. నోవాకి అరవై దాటాయి. పొలంలోంచి లాక్కొచ్చినట్టున్నాడు, బూట్ల నిండా పేడ. పికరింగ్ జిల్లా కేంద్రం నుంచి రాత్రే దిగాడు. అతని బూట్లు ఇంకా మెరుస్తూనే ఉన్నాయి.

మూడో మనిషి కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఇన్‌స్పెక్టర్ హెస్టర్ ఐవ్‌సన్. పుట్టింది ఈ లోయలోనే, ఆవులు కాసుకునేవాళ్ళ ఇంట్లో. కేసు మొదట ఆమెదే. రాత్రి పికరింగ్ వచ్చి దాని మీద చెయ్యి వేశాడు.

"విను ఆల్డర్‌సన్" అన్నాడు పికరింగ్. "నిన్న సాయంత్రం వాల్టర్ ఫాసెట్ నీ పొలంలో తల పగిలి చచ్చిపడి ఉన్నాడు. చుట్టూ నీ ఆవులు, వాటి దూడలు. పొలం నీదే. కానీ దాని మీదుగా నడిచే హక్కు ఊరందరిదీ. ఆ నడకదారి మూయించాలని నువ్వు పదిహేనేళ్ళుగా చూస్తున్నావు. మూయనివ్వనిది వాల్టర్. అవునా, కాదా?"

"అవును."

"పొలంలో ఆంబోతు లేకపోయినా 'ఆంబోతు ఉంది జాగ్రత్త' అని బోర్డు పెట్టావు."

"పెట్టాను. మర్నాడు ఆయనొచ్చి దాని మీదున్న ఆంబోతు బొమ్మకి మీసాలు గీసి పోయాడు." నోవా పెదవి వంకర తిరిగింది. "బాగానే గీశాడు."

"నవ్వులాటగా ఉందా నీకు?"

"లేదయ్యా. పదిహేనేళ్ళు ఆయన్ని తిట్టాను, ఆయన నన్ను తిట్టాడు. ఇవాళ పొద్దున్న లేచాక ఎవర్ని తిట్టాలో తోచలేదు."

పికరింగ్ ఏదో అనబోయాడు. హెస్టర్ ముందుకొచ్చింది.

"నోవా గారూ, ఆవులు నిన్న ఎక్కడ ఉండాలి?"

"వాగు పక్కన ఉన్న పొలంలో, ఇన్‌స్పెక్టరమ్మా. దూడలతో ఉన్న ఆవుల్ని దారి ఉన్న పొలంలోకి నేనెప్పుడూ తోలను. ఎంత తగాదా ఉన్నా ఆ పని మాత్రం చెయ్యలేదు. పిల్లలు కూడా నడుస్తారు అటు. రెంటి మధ్యా ఉన్న గేటు ఎవరో తీశారు."

"ఎవరో!" పికరింగ్ కుర్చీలో వెనక్కి వాలాడు. "ప్రతి ముద్దాయికీ ఒక 'ఎవరో' ఉంటాడు."

చర్చి గంటలు మోగడం మొదలైంది. ఆదివారం. హాలు తలుపు తట్టి, పిలవకుండానే లోపలికి వచ్చాడు డెస్మండ్ క్రాస్లీ. ఊరి చివర గెస్ట్‌హౌస్ నడుపుతాడు. వాల్టర్‌ని ఆవులు కుమ్మడం కళ్ళారా చూశానని చెప్పిన ఒకే ఒక్క సాక్షి. కోటు బొత్తాలన్నీ పెట్టుకుని, టోపీ చేత్తో పట్టుకుని, చావింటికి వచ్చినవాడిలా నిలబడ్డాడు.

"ఇంకా ఏమైనా అడగాలేమోనని వచ్చాను" అన్నాడు.

"రండి, రండి" పికరింగ్ లేచి కుర్చీ చూపించాడు. నోవాకి చూపించని మర్యాద అది.

"నేనడుగుతాను" అంది హెస్టర్. "ఎక్కడ నిలబడి చూశారు, క్రాస్లీ గారూ?"

"రోడ్డు పక్కన, గోడ దాటడానికి రాతిమెట్లున్నాయి కదా. వాటి మీద. ఆవులు వాల్టర్‌ని చుట్టుముట్టాయి. ఒకటి తలతో కుమ్మింది. ఆయన వెల్లకిలా పడ్డాడు. నేను అరిచాను. లాభం లేకపోయింది. ఇంటికి పరుగెత్తి ఫోన్ చేశాను."

"పొలంలోకి దిగలేదా?"

"దూడలున్న ఆవుల మధ్యకా? ధైర్యం చాలలేదండీ." తల దించుకున్నాడు. "ఆ సిగ్గు బతికున్నంత కాలం ఉంటుంది నాకు."

చాలా బాగా చెప్పాడు. అదే హెస్టర్‌కి నచ్చలేదు.

"మీ భార్యకి చెప్పారా?"

"రోజమండ్ మంచం దిగలేదు. వాల్టర్ ఆమెకి అన్నగారి కింద లెక్క. రాత్రి నిద్రమాత్ర ఇచ్చి పడుకోబెట్టాను. దయచేసి ఇవాళ ఎవరూ మా ఇంటికి వెళ్ళొద్దు. ఆమె తట్టుకోలేదు."

"ఎవరూ వెళ్ళరు" అన్నాడు పికరింగ్. "ఆవిడకి చూపు లేదు హెస్టర్. ఆవిడ చూసి చెప్పేదేముంది?"

"విని చెప్పేది ఉండొచ్చు."

డెస్మండ్ ఆమె వైపు ఒక్కసారి చూసి చూపు తిప్పుకున్నాడు. "నన్ను మాత్రం ఎంతసేపైనా అడగండి. ఈ పూటంతా ఇక్కడే ఉంటాను" అన్నాడు.

నోవా కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. గంటల మోత ఆగలేదు.

*

హెస్టర్ పికరింగ్‌ని వరండాలోకి పిలిచింది.

"నోవాని ఆ పొలానికి తీసుకెళ్తున్నాను."

"వాడు నా ముద్దాయి."

"ఇంకా కాదు. కేసు పెట్టలేదు నువ్వు. వాల్టర్ బూట్లు చూశావా గ్రాహమ్?"

"బూట్లే కదా. చూశాను."

"అడుగుభాగాలు?"

పికరింగ్ తన బూట్ల వైపు చూసుకున్నాడు.

"నేను రాత్రి ఆసుపత్రిలో తిప్పి చూశాను. ఆ పొలమంతా నల్లమట్టి, పేడ. దాని మీదుగా నడిచొచ్చిన మనిషి బూట్ల కింద చెంచాడు నల్లమట్టి లేదు. ఉన్నదంతా తెల్లబురద, సున్నపురాయి బురద."

"నిన్న సాయంత్రం వాన పడింది. కడిగేసి ఉంటుంది."

"తెల్లమట్టిని వదిలేసి నల్లమట్టిని మాత్రమే కడిగే వాన ఎక్కడ కురుస్తుందో చెప్పు, ఒకసారి చూసొస్తాను."

పికరింగ్ మెడ ఎర్రబడింది. "నువ్వు పేడ వాసన పట్టుకుని కేసులు తేలుస్తావని అందరూ అంటుంటే నమ్మలేదు."

"నువ్వు కుర్చీలోంచి లేవకుండా తేలుస్తావంటే నేనూ నమ్మలేదు."

ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. పోలీసు శిక్షణలో ఒకే బ్యాచ్ వాళ్ళు. అప్పటినుంచీ ఇదే వరస.

"మధ్యాహ్నానికి వాణ్ని అరెస్టు చేస్తున్నాను" అన్నాడు పికరింగ్ చివరికి. "అప్పటిలోగా తిప్పి తీసుకురా. పారిపోతే నీ ఉద్యోగం పోతుంది."

"ఆయన పారిపోతే ఆవులకి మేత ఎవరు వేస్తారు? అక్కడికే వస్తాడు, పట్టుకోవచ్చు."

*

పొలం దారికి అడ్డంగా పోలీసు టేపు కట్టి ఉంది. 'దారి మూసివేయబడింది' అని అట్ట వేలాడుతోంది. నోవా దాన్ని చూసి ఆగిపోయాడు.

"పదిహేనేళ్ళు నా వల్ల కాలేదు. మీ పికరింగ్ ఒక్క రాత్రిలో మూసేశాడు" అన్నాడు. ఆ మాటలో సంతోషం ఏ కోశానా లేదు.

ఆవుల్ని పొద్దున్నే వాగు పక్కకి మళ్ళించారు. కొండ మీదినుంచి పొగమంచు దిగుతోంది. పై గోడ అప్పటికే సగం కనబడటం లేదు. హెస్టర్ రాతిమెట్లెక్కి, పైమెట్టు మీద నిలబడింది. డెస్మండ్ నిలబడ్డానన్న చోటు అదే.

"నోవా గారూ, వాల్టర్ పడి ఉన్న చోటికి వెళ్ళి నిలబడండి. చెయ్యి పైకెత్తండి."

నోవా బరువుగా నడుచుకుంటూ వెళ్ళాడు. పొలం మధ్య నేల గూనిలా ఉబ్బి, దాని అవతల పల్లంలోకి దిగుతుంది. అతని మోకాళ్ళు మాయమయ్యాయి, తర్వాత నడుము, తర్వాత టోపీ.

"చెయ్యి ఎత్తండి!"

"ఎత్తే ఉన్నానమ్మా!"

హెస్టర్ మునివేళ్ళ మీద లేచింది. గడ్డి తప్ప ఏమీ కనబడలేదు. అంత ఎత్తు మనిషి చేయెత్తితే వేలికొస కూడా కనబడని చోట, వెల్లకిలా పడిన మనిషిని డెస్మండ్ చూశాడట!

ఆమె పల్లంలోకి వెళ్ళేసరికి నోవా పైకి చూస్తున్నాడు. పల్లానికి పైన నిట్టనిలువు గడ్డివాలు, దాని పైన మట్టీ సున్నం లేకుండా పేర్చిన రాతిగోడ.

"అది చూడండి. గోడ పైరాళ్ళు రెండు ఇటు పడి ఉన్నాయి. నిన్న పొద్దున్న గోడమీదే ఉన్నాయి."

"ఖాయంగా తెలుసా?"

"నా గోడ, నేను పేర్చింది."

చేతులు ఆనించుకుంటూ ఇద్దరూ వాలెక్కారు. పడిన రాయి మీద గోధుమరంగు ఉన్ని పోగు చిక్కుకుని ఉంది. వాల్టర్ చొక్కా మీద వేసుకున్న స్వెట్టర్ రంగు అది. హెస్టర్ దాన్ని ముట్టుకోకుండా గోడ దాటింది. అవతల కాలు పెట్టగానే బూటు తెల్లబురదలో దిగింది.

"ఇక్కడ చంపారు" అంది నెమ్మదిగా. "గోడ మీదుగా కిందికి దొర్లించారు. మధ్య గేటు తీసి ఆవుల్ని తోలారు. అవి తొక్కేసరికి గడ్డి మీద జారిన గుర్తులు చెరిగిపోయాయి. నేరం మీదా వాటిదీ అయింది."

నోవా టోపీ తీసి చేత్తో నలిపాడు. "ఎందుకమ్మా? వాల్టర్ మాస్టారు ఎవరికేం చేశాడు? బళ్ళో భూగోళం చెప్పాడు. రిటైరయ్యాక ఈ దారులు పట్టుకున్నాడు. ఊరి చుట్టూ ఉన్న ప్రతి దారీ నడిచి, ముళ్ళకంపలు కొట్టి, గుర్తులకి రంగు వేసుకుంటూ తిరిగాడు. నాలాంటివాడితో తగాదా పడ్డమే ఆయనకి పండగ."

అక్కడ దారి రెండుగా చీలుతుంది. చీలిక దగ్గర ఓ కొయ్యగుంజ. దాని పైన గుండ్రటి బిళ్ళ మీద పసుపు బాణం ఎడమవైపు చూపిస్తోంది. ఎడమది గోడ వెంబడే సాగి, చర్చి వెనక ఊళ్ళోకి దిగే దారి. కుడివైపుది పాత క్వారీ దారి. రాయి తీయడం మానేసి ముప్ఫై ఏళ్ళయింది. అక్కడ కొండని నిలువునా కోసేశారు. అడుగున నల్లటి నీళ్ళు. అంచుకి కట్టిన తీగకంచె ఎప్పుడో తుప్పుపట్టి రాలిపోయింది.

గుంజ మొదట్లో గడ్డి నలిగి ఉంది. పిడికిలి కన్నా కాస్త పెద్ద రాయి ఒకటి బోర్లా పడి ఉంది. హెస్టర్ కలం కొసతో దాన్ని కదిపింది. కింది వైపు ముదురు మరక.

ఆమె లేవబోతూ గుంజని పట్టుకుంది. అరచేతికి చల్లగా ఏదో తగిలింది.

పసుపు బిళ్ళకి బాగా కింద, నడుము ఎత్తులో, కొయ్యకి బిగించిన చిన్న ఇత్తడి బాణం. వేలంత పొడవు. అంచులు అరిగి నునుపెక్కాయి. అది కుడివైపు చూపిస్తోంది.

"నోవా గారూ, ఇదేమిటి?"

"అదా. అది వాల్టర్ పెట్టాడు. ఊరి చుట్టూ ఒక దారికి అన్ని గుంజలకీ..." నోవా వంగి చూశాడు. మాట ఆగిపోయింది. "ఇది ఇటు ఉండకూడదే."

బాణం చుట్టూ కొయ్య ఎండకీ వానకీ నల్లబడింది. ఎడమవైపుకి మాత్రం బాణం ఆకారంలోనే కొయ్య లేతగా ఉంది. ఏళ్ళ తరబడి ఇత్తడి కప్పి ఉంచిన చోటు అది. మేకు తల మీద గీతలు కొత్తగా మెరుస్తున్నాయి.

"తిప్పేశారు. పైన పసుపు బాణం సరిగానే ఉంది. ఇదొక్కటే తిప్పారు. ఎందుకు? ఇంత కింద ఉన్నదాన్ని ఎవరు చూస్తారు?"

"ఎవరూ చూడరమ్మా. ఇది చూడ్డానికి కాదు." నోవా కళ్ళు మూసుకుని, గాల్లో వేళ్ళతో తడిమి చూపించాడు. "రోజమండ్ కోసం పెట్టాడు. చూపు పోయాక ఆ పిల్ల ఇంట్లోంచి కదలడం మానేసింది. వాల్టర్ ఏడాదిపాటు చెయ్యి పట్టుకుని ఈ దారి నడిపించాడు. తర్వాత ప్రతి గుంజకీ ఇది బిగించాడు. వేళ్ళతో తడుముకుని, ఒక్కతే నడుస్తుంది. ఆదివారం ఆదివారం."

వాల్టర్ ఆదివారానికి ముందు దారంతా చూసుకోవడానికి వచ్చి ఉంటాడు. బాణం తిప్పుతున్న మనిషి ఇక్కడే పట్టుబడి ఉంటాడు. వాల్టర్ చావు అనుకోకుండా జరిగింది. అనుకున్న చావు వేరే ఉంది.

"పోనీలెండి, ఆమె ఇవాళ మంచం మీద ఉంది" అంది, తనకి తాను చెప్పుకుంటున్నట్టు.

"ఎవరు చెప్పారు? నా ధ్యాస కిటికీ బయట ఉంది, వినలేదు."

"మొగుడు. నిద్రమాత్ర ఇచ్చాడట."

"లేదమ్మా!" నోవా ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఇందాక హాలు కిటికీలోంచి చూశాను. వాడు లోపల మాట్లాడుతున్నప్పుడే. ఎర్రకోటు వేసుకుని, కర్ర పట్టుకుని, చర్చి ఎదురుగా ఉన్న గొర్రెలబాటన పైకి పోతోంది. మామూలుగా మన పొలం దారిన వచ్చి ఇటు దిగుతుంది. అది మూసేశారని అటునుంచి ఎక్కింది కాబోలు. ఎటునుంచి ఎక్కినా ఈ గుంజ దగ్గరికే రావాలి."

చర్చి గంటలు ఎప్పుడో ఆగిపోయాయి. ఈ పూటంతా ఇక్కడే ఉంటానని డెస్మండ్ ఎందుకన్నాడో ఇప్పుడు అర్థమైంది. భార్య కొండ మీద చచ్చిపోతున్న సమయంలో మొగుడు పోలీసుల ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అంతకన్నా మంచి సాక్ష్యం ఎవరికి దొరుకుతుంది!

హెస్టర్ నేల వైపు చూసింది. తెల్లబురదలో చిన్న ఆడమనిషి బూటుగుర్తులు. వాటి పక్కన గుండ్రటి చిల్లులు, కర్ర పొడిచినవి. చిల్లుల్లోకి నీరు ఇంకా ఊరుతోంది.

అవి కుడివైపు వెళ్ళాయి.

*

పరుగెత్తారు. నాలుగడుగులు దాటితే ఏమీ కనబడటం లేదు. హెస్టర్ వైర్‌లెస్‌లో పికరింగ్‌ని పిలిచింది. గరగరమన్న చప్పుడు తప్ప బదులు లేదు. ఈ కొండ వెనక ఏదీ పనిచెయ్యదు.

"రోజమండ్!" నోవా అరిచాడు. "ఆగు తల్లీ! అటు పోకు!"

ముందెక్కడో కర్ర చప్పుడు ఆగింది. మంచులోంచి ఆడగొంతు, చిరాగ్గా, ధీమాగా వినిపించింది.

"నోవా, ఇది అందరి దారి! నువ్వు అరిచినంత మాత్రాన నేను ఆగను!"

"ఇది ఆ దారి కాదు! క్వారీ దారి!"

"పోయినేడాది ఆంబోతన్నావు. ఇప్పుడు క్వారీనా?" కర్ర చప్పుడు మళ్ళీ మొదలైంది. ముందుకన్నా వేగంగా.

నోవా హెస్టర్ వైపు తిరిగాడు. "నమ్మదు. ఇన్నేళ్ళూ అబద్ధాలాడి బెదిరించాను. నా కేక నమ్మదు."

"పోలీసు! ఇన్‌స్పెక్టర్ ఐవ్‌సన్‌ని! అక్కడే ఆగండి!"

"డెస్మండ్ చెప్పాడు!" ఆ గొంతులో నవ్వు కూడా ఉంది. "దారి మూయించడానికి నోవా పోలీసుల పేరు వాడుకుంటున్నాడని. ఎవర్ని తెచ్చుకున్నావు నోవా, మీ చెల్లెలినా?"

మంచు ఒక్క క్షణం చీలింది. ముప్ఫై గజాల దూరంలో ఎర్రకోటు. దానికి కొంచెం ముందు గడ్డి అయిపోయింది. ఆ తర్వాత తెలుపు తప్ప ఏమీ లేదు.

హెస్టర్ నోవా భుజం పట్టి ఆపేసింది. వెనకనుంచి అడుగుల చప్పుడు వినబడితే ఆమె ఇంకా తొందరపడుతుంది. పరుగెత్తి అందుకోలేరు. చెబితే నమ్మదు. మరి దేన్ని నమ్ముతుంది?

నేల మీద రాళ్ళకి కొదవ లేదు. హెస్టర్ ఒకటి అందుకుంది.

"రోజమండ్ గారూ! మమ్మల్ని నమ్మొద్దు. మీ చెవుల్ని నమ్మండి. మీ తల మీదుగా ముందుకి రాయి విసురుతున్నాను. అది నేల మీద పడినట్టు వినబడితే హాయిగా నడుచుకుంటూ పొండి!"

ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి విసిరింది.

రాయి మంచులోకి పోయింది. గడ్డి మీద పడిన చప్పుడు రాలేదు. రాయికి రాయి తగిలిన చప్పుడూ రాలేదు. చప్పుడు లేని ఆ కాస్తసేపూ పెరుగుతూ పోయింది.

చాలా కింద, ఎక్కడో బావిలోలాగా, నీళ్ళు 'బుడుంగు'మన్నాయి.

కర్ర చప్పుడు ఆగిపోయింది.

రోజమండ్ నిలుచున్నచోటే నిలబడి, కర్రని మెల్లగా ముందుకి చాపింది. కర్ర కొస కిందికి దిగింది, ఇంకా దిగింది. దేనికీ తగల్లేదు. ఆమె చేతిలోంచి జారిపోయింది. మళ్ళీ ఆ నీళ్ళ చప్పుడు.

"కదలకండి" అంది హెస్టర్. "వస్తున్నాను. నా చెయ్యి మీ కోటుకి తగిలేదాకా కదలకండి."

చివరి నాలుగు గజాలూ బోర్లా పడుకుని పాకింది. తడిసిన ఉన్ని చేతికందింది. గుప్పిట బిగించి వెనక్కి లాగింది. ఇద్దరూ గడ్డి మీద పడ్డారు. రోజమండ్ కాలి కింది మట్టిపెళ్ళ విరిగి, తన దారిన తను కిందికి పోయింది. నోవా వచ్చి ఇద్దర్నీ చంకల కింద చేతులేసి దూరంగా ఈడ్చాడు.

రోజమండ్ వేళ్ళు హెస్టర్ మొహాన్ని తడిమాయి, కోటు మీది పోలీసు బ్యాడ్జిని తడిమాయి.

"నిజంగానే పోలీసులు" అంది. "నోవా, ఈసారి నువ్వు అబద్ధం చెప్పలేదు."

"లేదు తల్లీ" అన్నాడు నోవా. ఏడుస్తున్నాడు.

"కానీ వాల్టర్ బాణం తప్పు పెట్టడు. ఎప్పుడూ పెట్టడు."

"ఆయన పెట్టలేదు" అంది హెస్టర్. ఇక దాచడంలో అర్థం లేదనిపించింది. "రోజమండ్ గారూ, వాల్టర్ నిన్న చనిపోయాడు. ఆ గుంజ దగ్గర చంపారు. మీ బాణాన్ని తిప్పుతున్నవాణ్ని ఆయన పట్టుకున్నాడు."

రోజమండ్ మొహంలో ఏ కదలికా లేదు. పెదవులు మాత్రం తెల్లబడ్డాయి.

"డెస్మండ్ చెప్పాడే" అంది. "వాల్టర్‌కి జలుబు చేసింది, ఇవాళ నీకోసం చర్చి దగ్గర ఎదురుచూడడు, అయినా ఎప్పట్లాగే నడిచి రా, ఒళ్ళు తేలికవుతుంది అని. పొద్దున్న కోటు తనే తొడిగాడు. బొత్తాలు తనే పెట్టాడు."

హెస్టర్ ఆమె చెయ్యి వదల్లేదు.

"ఇల్లు అమ్మేద్దామంటాడు. మా అమ్మ నాకిచ్చిన ఇల్లు, అమ్మను అన్నాను. చాలాసార్లు అన్నాను. రెండు వారాల క్రితం ఆ మాట మానేశాడు. మెత్తబడ్డాడనుకున్నాను." ఆమె ఉన్నట్టుండి తల పక్కకి తిప్పింది. "ష్. మనుషులు. కింద."

హెస్టర్‌కి ఏమీ వినబడలేదు. కాసేపటికి వినబడింది. క్వారీ అడుగున, పాత బండ్లదారి వెంట, రాళ్ళ మీద బూట్ల చప్పుడు. ఇద్దరు మగవాళ్ళు.

"రోజీ! రోజీ!" డెస్మండ్ గొంతు. ఏడుపు కలిసిన గొంతు. "అయ్యో, ఇన్‌స్పెక్టర్ గారూ, ఇటు రండి, ఈ నీళ్ళలో చూడండి! అదిగో, అది ఆమె కర్ర! తేలుతోంది! దేవుడా, నేను చెప్తూనే ఉన్నాను, ఇంటికి వెళ్ళి చూస్తే మంచం ఖాళీగా ఉందని..."

"ఉండండి." రెండో గొంతు పికరింగ్‌ది. రొప్పుతున్నాడు. "ఉండండి క్రాస్లీ. నాకొకటి అర్థం కాలేదు. ఆవిడ ఇంట్లో లేదన్నారు. కొండంతా దారులున్నాయి. చర్చి ఉంది, పొలాలున్నాయి. ఒక్క దారిలో వెతకలేదు. ఒక్కరినీ అడగలేదు. నన్ను నేరుగా ఇక్కడికే తీసుకొచ్చారు."

"మనసు చెప్పిందండీ. మొగుణ్ని, నాకు తెలియదా? ఆమె పాపం దారి తప్పి పైనుంచి..."

నోవా నోరు తెరిచాడు. హెస్టర్ అతని మోచెయ్యి నొక్కి ఆపింది. పిలవాల్సింది వాళ్ళు కాదు.

రోజమండ్ తనంతట తనే లేచింది. హెస్టర్ చేతిని గట్టిగా పట్టుకుని, అంచుకి దూరంగానే నిలబడి, గొంతు ఎత్తకుండా, ఇంట్లో పక్కగదిలో ఉన్నవాణ్ని పిలిచినట్టు పిలిచింది.

"డెస్మండ్. నేను పైనున్నాను."

కింద ఏడుపు తెగిపోయింది.

మంచు పలచబడుతోంది. పైనుంచి హెస్టర్‌కి రెండు తలలు కనిపించాయి. ఒకటి ఉలిక్కిపడి పైకి చూస్తోంది. టోపీ నీళ్ళ అంచున పడింది. 'అమ్మయ్య' అనలేదు. 'బతికున్నావా' అనలేదు. డెస్మండ్ క్రాస్లీ నోటివెంట వచ్చింది ఒకే ఒక్క మాట.

"ఎలా?"

క్వారీ గోడలు ఆ మాటని పట్టుకుని నాలుగు వైపులా తిప్పాయి. అందరికీ వినబడింది. ఆ మాట పూర్తిగా అణగక ముందే పికరింగ్ మెరిసే బూట్లతో బురద నీళ్ళలోకి దిగి, డెస్మండ్ చేతిని మోచేతి పైన పట్టుకున్నాడు.

"హెస్టర్!" తలెత్తకుండానే పైకి అరిచాడు. "ఆల్డర్‌సన్‌ని ఇంటికి పంపించెయ్!"